ఖల్లికోట హాల్లో తెర వెనక పాట

పాట రికార్డులో బాగుంటుందా, కంప్యూటర్లో బాగుంటుందా అని నన్ను అడిగే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను పనిలో చేరేసరికి క్యాసెట్లు రికార్డుల్ని పక్కకి నెట్టేస్తున్నాయి. తర్వాత సీడీలు క్యాసెట్లని నెట్టేశాయి, సీడీల్ని ఫోన్లు నెట్టేశాయి. ఇప్పుడు రికార్డులు మళ్లీ వచ్చాయి, కొత్త పెళ్లికొడుకుల్లా ముస్తాబై. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అందరూ ఏదో ఒక పక్షం. నాది ఏ పక్షమని అడిగితే, ముందు కూర్చోండి, ఖల్లికోటలో జరిగిన సంగతి చెబుతాను అంటాను. అది వినకుండా జవాబు వింటే మీకు ఒంటబట్టదు.

మాది ఆర్యపల్లి. మా నాన్న సముద్రంలో చేపల వేటకి వెళ్లేవాడు. ఇంట్లో అందరూ వలలు బాగుచేస్తుంటే నేను పాడైపోయిన రేడియోలు విప్పుతూ కూర్చునేదాన్ని. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి బరంపురంలో ఒక ఆడియో షాపులో టెక్నీషియన్‌గా చేరాను. రిటైరయ్యేదాకా అదే షాపు. ఇళ్లకి వెళ్లి స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, రికార్డు ప్లేయర్లు బిగించడం, అవి మొరాయిస్తే బాగుచేయడం నా పని. ఆడపిల్ల నిచ్చెనెక్కి వైర్లు లాగడం మొదట్లో జనానికి విడ్డూరంగా ఉండేది. పాట మొదలయ్యాక నన్ను చూడడం మానేసి పాట వినేవారు. నాకు కావలసిందీ అదే.

షాపులో సేల్స్ చూసే ఒడియా ఆయన నాకన్నా ముందునుంచీ ఉన్నాడు. నేను ఆయన్ని భాయినా అనేదాన్ని, అన్నయ్యా అని. ఆయన నన్ను భవుణీ అనేవాడు, చెల్లీ అని. మంచి మనిషి. నా భోజనం డబ్బాలో చేపల పులుసు ఉన్న రోజు తప్పకుండా నా పక్కనే కూర్చునేవాడు. ఆయన చేతిలో ఒక విద్య ఉంది. రెండు సెట్లు పక్కపక్కన పెట్టి వినిపించేటప్పుడు తను అమ్మదలచిన దాని వాల్యూమ్ వెంట్రుకవాసి పెంచేవాడు. మన చెవి ఎలాంటిదంటే, కాస్త గట్టిగా ఉన్నదాన్ని గట్టిగా ఉందని పోల్చుకోదు. నిండుగా ఉంది, తేటగా ఉంది అనుకుంటుంది. కొనేవాళ్లు అదే అనేవారు. భాయినా వినయంగా తలూపేవాడు. బిగించడానికి నేను వెళ్లేసరికి ఆ నిండుదనం ఏమైందని వాళ్లు నన్ను అడిగేవారు. వాల్యూమ్ కొంచెం పెంచి ఇదిగో అనేదాన్ని.

ఖల్లికోటలో మా ఖాతాదారు ఒకాయన ఉండేవారు. పశువుల డాక్టరు. పొలసర చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పనిచేసి, రిటైరయ్యాక రైలు పట్టాలకి దగ్గర్లో ఇల్లు కట్టుకున్నారు. హాల్లో ఒక గోడ మొత్తం రికార్డులే. వీణ, వయొలిన్, నాగస్వరం, పద్యాలు, ఒడియా భజనలు, అన్నీ ఉండేవి. బరంపురంలో సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు ఏ సెట్టు కొనాలన్నా ఒకమాటు ఆయన్ని అడిగి కొనేవారు. ఆయన భార్య తమ్ముడు బరంపురంలోనే కాలేజీలో కంప్యూటర్లు చెప్పి రిటైరయ్యాడు. అతని పాటలన్నీ అరచేతిలో పట్టేంత డిజిటల్ పెట్టెలో ఉండేవి. ప్రతి ఆదివారం రైలెక్కి అక్కగారింటికి వచ్చేవాడు. ఆ పెట్టె కూడా తెచ్చేవాడు.

ఒక ఆదివారం నేను అక్కడ ప్లేయర్‌కి కొత్త ముల్లు బిగిస్తున్నాను. రికార్డు గాడిలో తిరిగి పాటను పైకి తెచ్చే చిన్న ముల్లు, అదే నీడిల్. సోఫాలో బావా బావమరుదులిద్దరూ మొదలుపెట్టారు.

“నీ పెట్టెలో పాటకి పేనం లేదోయ్,” అన్నారు డాక్టరుగారు.

“మీ రికార్డులో ఉన్నది పేనం కాదు బావా, దుమ్ము. ఆ సిటపటల్ని పట్టుకుని మీరు పేనం అంటన్నారు.”

“నా కల్లకి గుడ్డ కట్టీ. చెవుల్తోనే సెప్పీగల్ను, ఏది రికార్డో ఏది నీ పెట్టో.”

“సెప్పలేకపోతే?”

“సెప్పలేకపోతే ఈ గోడ మీద రికార్డులన్నీ నువ్వే అట్టుకెల్లిపో.”

బావమరిది ముఖంలో నవ్వు టక్కున ఆగిపోయింది. డాక్టరుగారి భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏదో సరదా మాట అనుకుని నేను తలెత్తి చూశాను. ఆ ముగ్గురిలో ఒక్కరి ముఖంలోనూ సరదా లేదు.

“మాట మీద ఉంటారేటి?” అన్నాడు బావమరిది.

“ఉంటాను. నువ్వు ఓడిపోతే ఆ పెట్టె మాయింటికి తేకూడదు. రికార్డు తిరుగుతున్నంతసేపూ నోరెత్తకూడదు. ఈ అమ్మాయి జరిపిస్తాది పందెం.”

ఇద్దరూ నావైపు చూశారు. జరిపిస్తానన్నాను. నా పనిమీద నాకు నమ్మకం ఉంది. ఇలాంటిది సరిగా జరిపించాలని ఎప్పటినుంచో కోరిక కూడా ఉంది. వెళ్లిపోతుంటే డాక్టరుగారి భార్య గేటుదాకా వచ్చారు.

“అమ్మాయ్, ఇది ఆట కాదు. జాగర్తగా సెయ్యి,” అన్నారు.

ఈ సంగతి మా యజమాని చెవిన పడడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పుడే ఆయన కొత్త టర్న్‌టేబుళ్లు, అంటే రికార్డు ప్లేయర్లు, తెప్పించి షోకేసులో వరసగా పెట్టించారు. నన్ను పిలిచారు.

“డాక్టరుగారు ఓడిపోయినాడంటే బరంపురంలో మన టర్న్‌టేబుల్లు ఎవుడు కొంటాడు? కాస్త సూసుకో.”

“ఏటి సూసుకోవాలండీ?”

“నీకు తెలీదేటి?”

తెలుసు. భాయినా విద్య ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

“రెండిటి సౌండూ మీటర్ పెట్టి సమానం సేస్తానండి. ఏది గెలిస్తే అదే,” అన్నాను.

ఆయన బల్లమీద వేళ్లతో తాళం వేశారు. తర్వాత, సాయానికి భాయినాని తీసుకెళ్లమన్నారు. నాకు సాయం అక్కర్లేదు. అయినా సరేనన్నాను.

అసలు పందేనికి ముందు ఒకసారి వెళ్లి చూసుకోవాలనుకున్నాను. ఒకే వీణ కచేరీ డాక్టరుగారి దగ్గర రికార్డుగా ఉంది, బావమరిది పెట్టెలో కూడా ఉంది. రెండూ మార్చి మార్చి చాలాసార్లు వినిపించాను. డాక్టరుగారు కళ్లకి తువ్వాలు కట్టుకుని ఒక్కటీ తప్పకుండా చెప్పేశారు. తువ్వాలు విప్పి బావమరిదిని చూసి మీసం దువ్వారు.

“ఎలా తెలిసిందండీ?” అన్నాను.

ఆయన దాచుకునే మనిషి కాదు. “రెండుసార్లు రైలే సెప్పేసింది. గూడ్సు ఎల్తన్నప్పుడు నేల అదురుతాది. రికార్డు ఆడతంటే ఆ అదురు ముల్లులోకి వచ్చి స్పీకర్లో గుమ్ గుమ్ అంటాది. పెట్టెకి ఆ బాద లేదు. మిగతాయి మాత్రం పాట ఇనే సెప్పినాను.”

మిగతావాటి సంగతి తేల్చుకుందామని నేను రెండూ మళ్లీ మళ్లీ విన్నాను. ఆయన చెప్పింది నిజమే. రెండూ ఒకే కచేరీ కావచ్చుగానీ, వినడానికి ఒకటి కాదు. పెట్టెలోది సీడీనుంచి ఎక్కించింది. ఆ సీడీ వేసినప్పుడు కంపెనీవాళ్లు పాత టేపు మీద చెయ్యి చేసుకున్నారు. బుసబుసలు తుడిచేశారు. తుడిచినప్పుడు వీణ తీగ చివర సన్నగా సాగే నాదం కూడా కొంత పోయింది. మెల్లగా ఉన్నచోట సౌండు పెంచి, గట్టిగా ఉన్నచోటుకి సమానం చేసేశారు. వాయించినాయన ఎక్కడ నాదం తగ్గించాడో, ఎక్కడ ఊపందుకున్నాడో తెలియకుండా పోయింది.

“ఇది రికార్డుకీ పెట్టెకీ పోటీ కాదండి,” అన్నాను ఇద్దరితోనూ. “ఒకే కూరని ఇత్తడి గిన్నెలో ఒకమాటు, స్టీలు గిన్నెలో ఒకమాటు వడ్డిస్తే గిన్నెల తేడా తెలుస్తాది. మనం బెండకాయ కూర పక్కన వంకాయ కూర పెట్టి గిన్నెల గురించి దెబ్బలాడుకుంటన్నాం.”

“అయితే ఏటి సెయ్యాల?” అన్నాడు బావమరిది.

“ఈ రికార్డు మీదనుంచే నాను డిజిటల్ కాపీ తీస్తాను. ఈ ముల్లూ, ఈ ప్లేయరే. ఆ కాపీకీ ఈ రికార్డుకీ పోటీ పెడదాం. గీతలూ సిటపటలూ రెండిట్లోనూ ఉంటాయి. అప్పుడు నిజంగా గిన్నెల తేడాయే తెలుస్తాది.”

డాక్టరుగారు ఒప్పుకున్నారు. బావమరిది కాసేపు ఆలోచించి, అదే సరైన పద్ధతి అన్నాడు. ఇక్కడ నా గొప్ప ఏమీ లేదు. ఈ సంగతి పుస్తకాల్లోనూ ఉంది. కానీ పందేలు కట్టేవాళ్లు ఎవరూ ఇక్కడిదాకా రారు. బెండకాయ పక్కనా వంకాయ పక్కనా చేరి అరుచుకుంటూనే ఉంటారు.

కాపీ తీయడానికి మామూలు రోజు ఒకటి చూసుకుని వెళ్లాను. ఇంట్లో డాక్టరుగారి భార్య ఒక్కరే ఉన్నారు. ప్లేయర్‌ని లోపలి గదిలో బరువైన రాతి పలక మీద పెట్టి, ఎంచిన రికార్డులు ఒక్కొక్కటీ కాపీ తీస్తున్నాను. వీణ కచేరీ నడుస్తుండగా ఒకచోట టక్ మని గట్టిగా చప్పుడైంది. మామూలు చిటపట కాదు, లోతుగా పడ్డ గీత. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఆ సప్పుడు కూడా కాపీలోకి ఎల్తాదేటి?”

“ఎల్తాదమ్మా. ముల్లుకి ఏది తగిలితే అదల్లా ఎల్తాది. కావాలంటే తరవాత కంప్యూటర్లో తీసియ్యొచ్చు.”

“తీసియ్యకు,” అన్నారు ఆమె. మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

పందెం ఆదివారం పొద్దున నేనూ భాయినా బరంపురంలో రైలెక్కి ఖల్లికోటలో దిగాం. హాలుకీ లోపలి గదికీ మధ్య దళసరి తెర కట్టాను. సౌండు కొలిచే మీటర్ పెట్టి రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చాను. కాపీ వినిపించేటప్పుడు కూడా రికార్డు తిప్పి ముల్లు దింపుతాననీ, కాకపోతే ఆ వైరు స్పీకర్లకి కలపననీ చెప్పాను. నా చేతుల చప్పుడు విని ఎవరూ ఏదీ పసిగట్టకూడదు. రైలొస్తే ఆట ఆపాలి. ఆ బాధ్యత ఆమె తీసుకున్నారు. బండి మనకి వినిపించకముందే ఆమెకి తెలిసిపోయేది. “గూడ్సు వస్తంది, ఆపండి,” అనేవారు. మేం ఆపి చెవులు రిక్కిస్తే, అప్పుడు వినిపించేది.

లెక్కకి రెండు గిన్నెలు పెట్టాం. డాక్టరుగారు సరిగ్గా చెబితే ఒకదాంట్లో చింతపిక్క, తప్పయితే రెండోదాంట్లో. పిక్కలు వేసే పని బావమరిదిది. ఏది వినిపించానో నేను తెరవెనక నుంచి చెప్పేదాన్ని, ఆయన జవాబు చెప్పాక.

మొదట ఆయన ధీమాగానే చెప్పారు. “ఇది రికార్డు. ఇనిపించడంలేదేటి ఆ నిండుతనం?” అది కాపీ. “ఇది పెట్టె. ఎండిపోయిన గడ్డిలాగున్నాది.” అది రికార్డు. తర్వాతవి కొన్ని సరిగ్గా చెప్పారు. మళ్లీ తప్పారు. మధ్యాహ్నానికి రెండు గిన్నెల్లోనూ పిక్కలు సమానంగానే కనిపిస్తున్నాయి. నాణెం ఎగరేసి చెప్పినా అలాగే వస్తుంది. డాక్టరుగారు మాటలు తగ్గించేశారు. కళ్లకి కట్టిన తువ్వాలు కింద ఆయన దవడ బిగుసుకుని ఉండడం తెర సందులోంచి కనబడింది. జాలేసింది. కానీ నేను చేస్తున్న పనిలో జాలికి చోటు లేదు.

భోజనాలు చేశాం. చిలికా రొయ్యలు. భాయినా మామూలుగా ఇంకోసారి వడ్డించుకునే మనిషి, ఆ రోజు తొందరగా లేచిపోయాడు. మిగిలినవాళ్లం చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను హాల్లో సోఫా చివర బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం ఆట వీణ రికార్డుతో మొదలుపెట్టాను. డాక్టరుగారు వరసగా సరిగ్గా చెప్పసాగారు. ఒకటి, ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. ఒక గిన్నెలోనే పిక్కలు పడుతున్నాయి. ఆయన గొంతులో మళ్లీ పొద్దుటి ధీమా వచ్చేసింది. “తిండి తిన్నాక చెవులు తెరుచుకున్నాయోయ్,” అన్నారు.

చెవులు అంత తొందరగా తెరుచుకోవు. మీటర్ తీసి చూశాను. రికార్డువైపు సౌండు కాస్త పెరిగి ఉంది. వెంట్రుకవాసి అంతే. సౌండు పెంచే నాబ్ దానంతట అది తిరగదు. తెర పక్కకి తీసి చూస్తే భాయినా గోడమీద క్యాలెండర్ చదువుతున్నాడు.

ఆ క్షణంలో నాకు మూడు దారులున్నాయి. ఊరుకుంటే డాక్టరుగారు గెలుస్తారు, యజమాని సంతోషిస్తారు, షాపులో టర్న్‌టేబుళ్లు అమ్ముడవుతాయి, గోడమీద రికార్డులు గోడమీదే ఉంటాయి. భాయినా పేరు చెబితే అతను ఆ ఇంటి మెట్టు మళ్లీ ఎక్కలేడు. నేను మూడోదారి పట్టాను. తెరవెనక నుంచి బయటికి వచ్చాను.

“ఒకవైపు సౌండు పెరిగిపోయిందండి. భోజనాల తరవాత సెప్పిన జవాబులు లెక్కలోకి రావు. ఆ పిక్కలు తీసియ్యండి. సమానం సేసి మల్లీ మొదలెడతాను.”

డాక్టరుగారు తువ్వాలు పైకి లేపి చూశారు. “నాను బాగా సెప్తన్నప్పుడే పెరిగిపోయిందేటి?”

“పెరిగింది గనకే బాగా సెప్పినారండి. రండి, మీటర్ సూడండి.”

ఆయన లేచి వచ్చి చూశారు. చదువుకున్న మనిషి, జంతువులకి జ్వరం కొలిచి కొలిచి అంకెని నమ్మడం తెలిసిన మనిషి. “మొదలెట్టు,” అన్నారు. వెళ్లి కూర్చుని తువ్వాలు తనే గట్టిగా బిగించుకున్నారు.

మళ్లీ వీణ. మళ్లీ పొద్దున్నలాగే సగం అటు, సగం ఇటు. నేను ఆటనే చూస్తున్నాను గనక బావమరిది సంగతి గమనించలేదు. అతను పిక్కలు వేయడం ఎప్పుడో మానేశాడు, ఆ పని అతని అక్క చేస్తున్నారు. చివరిది వినిపించి, నేను తెర మొత్తం లాగేశాను.

డాక్టరుగారు తువ్వాలు విప్పి గిన్నెల్లోకి చూశారు. లెక్కపెట్టనక్కర్లేకపోయింది. “ఓడిపోనాను,” అన్నారు.

గెలిచిన బావమరిది గిన్నెలవైపు చూడనే లేదు. నావైపు తిరిగాడు.

“ఆకర్న ఇనిపించింది... రికార్డా, కాపీయా?”

“కాపీ అండి.”

“అందులో టక్ మంది.”

“రికార్డులో ఉన్నాది గనక అందులోనూ అంటాది.”

అతను అక్కవైపు తిరిగాడు. మావైపు అక్కని అప్ప అంటారు. “అప్పా, అది నాను సేసిందే గదా?” అన్నాడు.

“నువ్వే మరి. ఎవులు సేత్తారు?” అన్నారామె.

అప్పుడు తెలిసింది నాకు. ఆ రికార్డుల్లో చాలామటుకు వాళ్ల నాన్నవి. బావమరిది చిన్నప్పుడు తమ ఇంటి హాల్లో పరుగెత్తి ప్లేయర్ బల్లని గుద్దాడు. ముల్లు రికార్డుమీద అడ్డంగా జారింది. నాన్న చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత అతను రికార్డులు ఉన్న గదిలోకి వెళ్లలేదు. నాన్నా రమ్మనలేదు. కొన్నాళ్లకి ఇంట్లోకి అల్లుడు వచ్చాడు, మామగారి పక్కన కూర్చుని పాటలు వినే అల్లుడు. ముసలాయన పోయేముందు రికార్డులన్నీ అల్లుడికి ఇమ్మన్నాడు. కొడుకు అప్పుడు ఎక్కడో దూరంగా ఉద్యోగంలో ఉన్నాడు. తనకి కావాలని అడగలేదు, వద్దనీ అనలేదు. తిరిగొచ్చాక అవే పాటలు ఒక్కొక్కటీ కొని పెట్టెలో నింపుకున్నాడు. ప్రతి ఆదివారం ఆ పెట్టె పట్టుకుని బావగారింటికి వచ్చి, ఇదే బాగుంది అని వాదించేవాడు.

“ఇన్నాల్లూ నాను కొన్నదే ఇన్నాను బావా,” అన్నాడు అతను. “అందులో ఈ సప్పుడు లేదు. శుబ్బరంగా ఉంటాది. అయినా ఏదో వెలితి. ఏటో తెలిసేది కాదు.”

డాక్టరుగారు లేచి గోడ దగ్గరికి వెళ్లారు. పైవరస నుంచి రికార్డులు దించి బల్లమీద పెట్టసాగారు. మాటంటే మాట. ఎన్నో ఏళ్లు రోజూ తుడిచి పెట్టుకున్న అట్టలు అవి.

“అయ్యి నాకొద్దు బావా,” అన్నాడు బావమరిది.

“మాటిచ్చినాను.”

“నాన్న మీకిచ్చినాడు. మీ దగ్గిరే ఉండనీండి. నాకు ఈ అమ్మాయి తీసిన కాపీలు సాలు. అన్ని రికార్డులవీ. గీతల్తోటే.”

“అదేటి లెక్క? నువ్వు గెల్సినావు. నాను ఇస్తన్నాను. అట్టుకెల్లు.”

“నాకొద్దంటన్నాను గదా.”

ఇచ్చేస్తానని ఒకరు, వద్దని ఒకరు. ఎప్పటిలాగే గొంతులు లేచాయి. ఆమె వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డారు. భర్త చేతిలోంచి రికార్డులు తీసుకుని మళ్లీ పైవరసలో పెట్టేశారు.

“పందెం గెల్సినోడు ఏది అడిగితే అదే ఇయ్యాల. ఆడు కాపీలడిగినాడు. కాపీలే ఇస్తారు. ఇంక కూకోండి, కాపీ తాగుదురు గాని,” అన్నారు. కాపీ తాగడమేంటో అర్థంకాక భాయినా నావైపు చూశాడు. కాఫీ అని చెప్పాను.

తిరుగు రైల్లో భాయినా కిటికీ పక్కన కూర్చున్నాడు. ఛత్రపురం దాటాక నావైపు తిరిగాడు.

“భవుణీ, నా పేరు ఎందుకు సెప్పలేదు?”

“నీ పేరు సెప్తే వాళ్లు నాబ్ గురించి ఆలోచిస్తారు భాయినా. నాకు వాళ్లు పాట గురించి ఆలోచించాల.”

“అలా సెయ్యమని యజమానే సెప్పినాడు.”

“తెలుసు.”

“యజమానికి ఏటి సెప్తావు?”

“డాక్టరుగారు ఓడిపోయారని సెప్తాను.”

అలాగే చెప్పాను. యజమాని కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత టర్న్‌టేబుళ్లు అమ్ముడయ్యాయి. పందెం ఫలితం విన్నవాళ్లు కూడా వచ్చి కొనుక్కుపోయారు. రికార్డు తిరుగుతుంటే చూడడం వాళ్లకి ఇష్టం. మంచి కారణమే. నేను వాటిని బిగించాను, సరిగ్గా బిగించాను. ఎవరైనా, ఇది పెట్టెలో పాటకన్నా బాగుంటుందా అని అడిగితే, ఆ పాటని ఎవరు ఎలా వండారో చూడాలి, గిన్నె మీద ఆధారపడదు అని చెప్పాను. మంచి డిజిటల్ కాపీ రికార్డులో ఉన్నదంతా పట్టుకుంటుంది, గీతతో సహా. చెడ్డ డిజిటల్ కాపీ రికార్డుని నవ్వులపాలు చేస్తుంది. రికార్డు కూడా అరిగిన ముల్లు కింద పెడితే ఏడుస్తుంది. ఇదే నా జవాబు, పిల్లలూ. ఏ పక్షం అని మళ్లీ అడగకండి.

భాయినా ఆ తర్వాత నా ముందు నాబ్ ముట్టుకోలేదు. నేను లేనప్పుడు సంగతి నాకు తెలియదు, అడగనూ లేదు.

ఆ గోడమీది రికార్డులన్నీ కాపీ తీయడానికి చాలా నెలలు పట్టింది. షాపు పనులయ్యాక వీలు చిక్కినప్పుడల్లా వెళ్లేదాన్ని. బావమరిది కూడా వచ్చి కూర్చునేవాడు. రికార్డు తీసి తుడిచి నాకు అందించే పని అతనే చేశాడు. మొదట్లో అట్ట అంచు పట్టుకోవడానికి భయపడ్డాడు. డాక్టరుగారు చూసి, “అది నిన్ను కరవదోయ్,” అన్నారు. అన్నీ పూర్తయ్యాక అతను తన పెట్టెలో పాతవి తీసేసి ఇవి నింపుకున్నాడు.

నేను రిటైరయ్యే ముందు మోకాళ్ల నొప్పితో అతను ఖల్లికోటకి రావడం తగ్గింది. బరంపురంలో తన గదిలో అతనూ, ఖల్లికోట హాల్లో డాక్టరుగారూ, ఆదివారం పొద్దున ఫోన్ పెట్టుకుని ఒకే పాట ఒకేసారి మొదలుపెట్టేవారు. అక్కడ రికార్డు, ఇక్కడ కాపీ. ఒకరోజు ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చేశారు. రికార్డు ఒకవైపు పూర్తయ్యేసరికి ఒకరి పాట ముందు, ఒకరి పాట వెనక పడుతోందట.

“ఈయనది ఎనకబడిపోతంది,” అన్నాడు బావమరిది.

“నాది సరీగ్గా ఉన్నాది. నీదే పరుగెడతంది,” అన్నారు డాక్టరుగారు. “అమ్మాయ్, నువ్వే సెప్పు, ఎవులిది తప్పు?”

ప్లేయర్‌లో మోటారు తిరగడం రోజురోజుకీ ఒక చిటికెడు మారుతుంది. కరెంటుని బట్టి, ఎండని బట్టి, నూనెని బట్టి మారుతుంది. కాపీ నేను తీసిన రోజు వేగంతోనే ఎప్పటికీ నడుస్తుంది. తెరవెనక పెట్టి వినిపిస్తే ఎవరూ పట్టుకోలేని తేడా అది. ఇద్దరు మనుషులు కలిసి వింటే మాత్రమే బయటపడుతుంది. అదంతా వాళ్లకి చెప్పొచ్చు. వెళ్లి మోటారు సరిచేయనూ వచ్చు.

“ఇద్దరిదీ తప్పు కాదండి,” అన్నాను. “ముందు అయిపోయినోళ్లు రెండోవోళ్ల కోసం ఆగండి.”

అటువైపు ముల్లు పైకెత్తిన చప్పుడైంది. తర్వాత డాక్టరుగారి గొంతు వచ్చింది. “సరేనోయ్. మొదట్నుంచీ పెట్టు.”